మాట బాగానే వినిపిస్తుంది, మోడెమ్ మాత్రం నిలవదు: డయల్-అప్ లైన్‌లో తప్పు పట్టుకోవడం

మీరు చెప్పిన లక్షణాలు ఇవి: 56కె మోడెమ్, ఫోన్‌లో మాట స్పష్టంగానే ఉంది, కనెక్షన్ మాత్రం ఒకసారి సెకనుకు 31,200 బిట్ల దగ్గర, మరోసారి 19,200 దగ్గర కుదురుతోంది, కాసేపటికే తెగిపోతోంది, వాన పడితే మరీ అధ్వానం, అప్పుడప్పుడు అసలు డయల్ టోనే లేదంటోంది. మోడెమ్ మార్చాలా, లైన్ బాగుచేయించుకోవాలా అని అడిగారు.

మోడెమ్ జోలికి ఇప్పుడే పోకండి. వేగం కాల్‌కీ కాల్‌కీ మారుతోంది, పైగా వానతో ముడిపడి ఉంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే తప్పు దాదాపుగా తీగలోనే ఉంటుంది. అది మీ గోడల లోపలి తీగా, బయటి తీగా అన్నది ముందు తేల్చుకోవాలి. మిగతా సర్దుబాట్లన్నీ ఆ తర్వాతే.

మాట బాగా వినిపిస్తోంది కాబట్టి లైన్ బాగుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. చెవికి 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య శబ్దం ఓ మోస్తరుగా అందితే చాలు, మిగతాది అది పూరించుకుంటుంది. వి.34 ప్రమాణంతో నడిచే మోడెమ్‌కి సెకనుకు 33,600 బిట్ల వేగం రావాలంటే సెకనుకు 3,429 సింబల్స్ (ఒక్కోటీ కొన్ని బిట్లను మోసే సిగ్నల్ మార్పులు) పంపాలి. దాని సిగ్నల్ దాదాపు 3,670 హెర్ట్జ్ దాకా పాకుతుంది. అంటే చెవి పట్టించుకోని పైఅంచులో మోడెమ్‌కి పని ఉంది. అలాగే సెకనులో వందో వంతు పాటు వచ్చే చిన్న ‘టిక్’ మాటల్లో కలిసిపోతుంది, మోడెమ్‌కి మాత్రం ఆ వ్యవధిలోనే 336 బిట్లు పాడవుతాయి. అలాంటి టిక్కులు వరసగా పడితే మోడెమ్ డేటా ఆపి లైన్‌ని మళ్లీ కొలిచి దానికి సర్దుకునే శిక్షణ మొదలుపెడుతుంది. దాన్నే రీట్రైన్ అంటారు. డౌన్‌లోడ్ ఉన్నట్టుండి కొన్ని సెకన్లు కదలకుండా నిలబడి, మళ్లీ నడవడం దాని లక్షణం.

ఇప్పుడు పరీక్షకు వద్దాం. బయటి తీగ ఇంట్లోకి వచ్చే మొదటి పెట్టె ఎక్కడుందో చూడండి. అక్కడినుంచి లోపలికి పోయే తీగలన్నీ విప్పేయండి. ఎక్స్‌టెన్షన్ ఫోన్లు, ఫ్యాక్స్, ఆన్సరింగ్ మెషీన్, కార్డ్‌లెస్ బేస్, కాలర్ ఐడీ పెట్టె, సర్జ్ ప్రొటెక్టర్, దొంగల అలారం ప్యానెల్ ఏదీ తగిలి ఉండకూడదు. అలారం ప్యానెల్‌ని జనం మర్చిపోతుంటారు, అది లైన్‌లో అన్నిటికన్నా ముందు కూర్చుని ఉంటుంది. తీగలు విప్పేటప్పుడు ఒక జాగ్రత్త: మామూలుగా లైన్‌లో 48 వోల్టుల డీసీ ఉంటుంది, దానితో పెద్ద ప్రమాదం లేదు, కానీ అదే సమయంలో కాల్ వస్తే 75 నుంచి 90 వోల్టుల ఏసీ రింగ్ వస్తుంది. గట్టిగానే కొడుతుంది. ఉరుముతున్నప్పుడు ఈ పని అసలు పెట్టుకోవద్దు.

ఆ పెట్టె దగ్గరే తీగ ఉన్న మామూలు ఫోన్ తగిలించండి. కార్డ్‌లెస్ వద్దు, దాని సొంత బుస దానికి ఉంటుంది. రిసీవర్ ఎత్తి ఒక్క అంకె నొక్కితే డయల్ టోన్ ఆగిపోతుంది. ఎక్స్‌ఛేంజ్ మళ్లీ కూత పెట్టే లోపు దొరికే ఆ కొన్ని సెకన్ల నిశ్శబ్దాన్ని శ్రద్ధగా వినండి. కదలని ‘హూం’ (హమ్) ఉంటే జోడీలో ఒక తీగ ఎక్కడో భూమికి లీకవుతోంది, లేదా రెండు తీగలకూ సమతూకం పోయింది. కరెంటు లైన్ల 50 లేదా 60 హెర్ట్జ్ అలాగే లోపలికి వస్తుంది. గరగర, చిటపట ఉంటే ఏదో జాయింట్ తుప్పు పట్టింది లేదా తడిసింది. ఇతరుల మాటలు సన్నగా వినిపిస్తే కేబుల్‌లో జోడీలు తప్పుగా కలిశాయి. వినడానికి ఒక్క నిమిషం పట్టే ఈ పని వందల కమాండ్లకన్నా ఎక్కువ చెబుతుంది.

వాన సమస్యలో ఇంకో విషయం గమనించండి. ఫోన్ ఎత్తగానే గరగర ఉండి, అర నిమిషంలో దానంతటదే తగ్గుతోందా? తుప్పు పట్టిన జాయింట్ మీదుగా కరెంటు ప్రవహించగానే ఆక్సైడ్ పొర తాత్కాలికంగా విరిగి కాంటాక్ట్ కుదురుతుంది. రింగ్ వోల్టేజీ అయితే ఇంకా బాగా విరగ్గొడుతుంది. అందుకే లైన్‌మన్ మీకు ఫోన్ చేసి ‘బాగానే ఉందే’ అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు, అతను చేసిన కాలే ఆ జాయింట్‌ని కాసేపటికి బాగుచేసింది. ఈ సంగతి అతనికి చెప్పి, లైన్ కొన్ని గంటలు వాడకుండా ఉంచి, మొదటిసారి ఎత్తినప్పుడే వినమనండి.

తర్వాత అదే పెట్టె దగ్గర రెండు మీటర్లకు మించని తీగతో మోడెమ్ తగిలించి, ఒకే నంబరుకి, ఒకే వేళలో నాలుగైదు సార్లు డయల్ చేసి ప్రతిసారీ వచ్చిన వేగం రాసుకోండి. మోడెమ్‌ని మామూలుగా వాడే చోట కూడా అంతే చేయండి. పెట్టె దగ్గర స్థిరంగా నాలుగైదు వేలు ఎక్కువ వస్తే తప్పు మీ ఇంటి లోపలే ఉంది. రెండుచోట్లా ఒకేలా ఉంటే లోపలి తీగల్ని వదిలేసి బయటికి చూడాలి.

లోపలి తప్పుల్లో నేను మొదట అనుమానించేది మెలిక లేని బల్లపరుపు తీగని. మోడెమ్ పెట్టెలో వచ్చే ఆ తీగ రెండు మీటర్లయితే పర్వాలేదు, దాన్నే పది పదిహేను మీటర్లు పొడిగించి గోడ వెంట కరెంటు తీగల పక్కన నడిపితే హమ్ మొత్తం లాగేసుకుంటుంది. దాని బదులు మెలిక జోడీ ఉన్న క్యాట్-3 లేదా క్యాట్-5 కేబుల్‌లో ఒక జోడీని మాత్రమే వాడండి. రెండు తీగలూ ఒకే జోడీవి కావాలి. వేర్వేరు జోడీల్లోంచి ఒక్కోటి తీసుకుంటే మెలిక ఉన్నా ప్రయోజనం ఉండదు. ఇక వాడకుండా వదిలేసిన ఎక్స్‌టెన్షన్ తీగలు. చివర ఏమీ లేకపోయినా అవి కెపాసిటర్‌లా పనిచేసి పైఫ్రీక్వెన్సీలను తినేస్తాయి, వాటిని పెట్టె దగ్గరే తెంపేయండి. పాత సర్జ్ ప్రొటెక్టర్ ఉంటే అది తీసి చూడండి. దానిలో అదనపు వోల్టేజీని మింగే వేరిస్టర్ పిడుగుల దెబ్బలు తిని కొద్దికొద్దిగా లీకవుతుంటుంది, బయటికి ఏమీ కనిపించదు. అదే లైన్ మీద డీఎస్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ కూడా ఉంటే మోడెమ్ ముందు ఒక ఫిల్టర్ ఉండి తీరాలి. ఒకటే, రెండు వరసగా పెడితే పైఅంచు ఇంకా తెగుతుంది. మోడెమ్ వెనక ‘లైన్’, ‘ఫోన్’ అని రెండు రంధ్రాలుంటాయి, గోడ నుంచి వచ్చేది ‘లైన్’లోనే పెట్టాలి. ఆఫీసు పీబీఎక్స్ (ఆఫీసు సొంత చిన్న ఎక్స్‌ఛేంజ్) డిజిటల్ ఎక్స్‌టెన్షన్‌లో మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, మోడెమ్ కాలిపోవచ్చు.

మల్టీమీటర్ ఉంటే మూడు కొలతలు తీసుకోండి. ఫోన్ పెట్టి ఉండగా రెండు తీగల మధ్య 45 నుంచి 54 వోల్టులు ఉండాలి. ఎత్తాక 6 నుంచి 10 వోల్టులకు పడాలి. ఎత్తినప్పుడు లైన్‌లో సిరీస్‌గా కొలిస్తే కరెంటు 20 మిల్లీయాంపియర్లకు పైన ఉండాలి. 0.4 మిల్లీమీటర్ల రాగి జోడీకి కిలోమీటరుకు సుమారు 280 ఓంల లూప్ రెసిస్టెన్స్ ఉంటుంది కాబట్టి, ఐదు కిలోమీటర్ల లైన్ మీద 24 మిల్లీయాంపియర్ల దాకా తగ్గడం సహజమే. అంత దూరం లేకపోయినా 20కి దిగువన ఉంటే మధ్యలో రెసిస్టెన్స్ పెరిగిన జాయింట్ ఉంది. ఫోన్ పెట్టి ఉన్నప్పుడే 24 వోల్టుల్లాంటి అంకె కనిపిస్తే అది ఎక్స్‌ఛేంజ్ నుంచి నేరుగా వచ్చిన రాగి కాకపోవచ్చు. మధ్యలో ఏదో ఎలక్ట్రానిక్ పెట్టె ఉండి, అదే మీ లైన్‌కి కరెంటు ఇస్తుండవచ్చు.

ఇప్పుడు మోడెమ్‌నే సాక్ష్యం అడుగుదాం. హైపర్‌టెర్మినల్ లేదా మినికామ్ లాంటి, మోడెమ్‌తో నేరుగా మాట్లాడే ప్రోగ్రామ్ తెరిచి కమాండ్లు ఇవ్వాలి. కింద తెలుగులో రాసిన కమాండ్లను ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా టైపు చేసి ఎంటర్ కొట్టండి. ముందు ‘ఏటీ ఎం1 ఎల్3’ ఇస్తే కనెక్షన్ కుదిరేదాకా స్పీకర్ గట్టిగా మోగుతుంది. అవతలి మోడెమ్ ఎత్తగానే 2,100 హెర్ట్జ్ సన్నని కూత వస్తుంది. జాగ్రత్తగా వింటే అందులో అర సెకనుకి కాస్త ముందే, అంటే ప్రతి 450 మిల్లీసెకన్లకీ, చిన్న తడబాటు ఉంటుంది. అది ఫేజ్ తిరగేయడం. దారిలో ఉన్న ఎకో క్యాన్సెలర్లను (ప్రతిధ్వనిని తీసేసే పరికరాలను) ఆపమని నెట్‌వర్క్‌కి అదే సంకేతం. తర్వాత రెండు మోడెమ్‌లూ 300 బిట్ల వేగంతో ‘నీకేం వచ్చు, నాకేం వచ్చు’ అని మాట్లాడుకునే కిచకిచ. ఆ తర్వాత 150 హెర్ట్జ్ గుణిజాల్లో 3,750 దాకా చాలా టోన్లు ఒక్కసారిగా వేసి లైన్‌ని తడిమి చూసే బర్రుమనే మోత. చివర బుస, నిశ్శబ్దం.

ఎక్కడ ఆగిపోయిందో దాన్నిబట్టి తప్పు తెలుస్తుంది. కూతే రాకపోతే నంబరు తప్పు, లేదా అవతల మోడెమ్ ఎత్తడం లేదు. కూత వచ్చినా మీ మోడెమ్ నోరు మెదపకపోతే దానికి వినపడలేదు, లేదా దాని ట్రాన్స్‌మిట్ భాగం పోయింది. బర్రుమనే మోత దాకా వచ్చి మళ్లీ మొదటికి వెళుతుంటే లైన్‌లో నాయిస్. అన్నీ సవ్యంగా అయ్యి, పాస్‌వర్డ్ దగ్గర తెగితే ఆ తప్పుకి తీగతో సంబంధం లేదు.

కాల్ తెగిన వెంటనే, మోడెమ్ ఆపకుండా, గత కాల్ వివరాలు అడగండి. రాక్‌వెల్, కోనెక్సాంట్ చిప్‌లకు ‘ఏటీ&వి1’, లూసెంట్ చిప్‌లకు ‘ఏటీ ఐ11’, యూఎస్ రోబోటిక్స్‌కి ‘ఏటీ ఐ6’, ‘ఏటీ ఐ11’, చాలా విండోస్ మోడెమ్‌లకు ‘ఏటీ#యూడీ’. యూఎస్ రోబోటిక్స్‌లో ‘ఏటీ వై11’ ఇస్తే ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర సిగ్నల్ ఎంత అందిందో పట్టికలా వస్తుంది. దానికన్నా విలువైన నివేదిక ఇంకేదీ లేదు.

ఆ నివేదికలో మొదట సింబల్ రేటు, బిట్ రేటు పక్కపక్కన పెట్టి చూడండి. సింబల్ రేటు 3,200 లేదా 3,429 ఉండి బిట్ రేటు 21,600 లాంటి చోట ఉంటే లైన్ వెడల్పుగానే ఉంది, నాయిస్ తింటోంది. జాయింట్లు, హమ్, లీకేజీ వెతకాలి. సింబల్ రేటే 2,800 లేదా 3,000కి పడిపోయి, ప్రతి కాల్‌లోనూ అదే అంకె వస్తుంటే నాయిస్ కారణం కాదు, పైఫ్రీక్వెన్సీలు అందడం లేదు. బాగా పొడవైన లైన్, ఎక్కువ కొమ్మ తీగలు, లేదా మధ్యలో ఎన్‌కోడింగ్ చేసే పరికరం కారణం. తర్వాత రిసీవ్ లెవెల్, అంటే అందిన సిగ్నల్ బలం చూడండి. మైనస్ 10 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య సుఖంగా ఉంటుంది, మైనస్ 30 దాటితే కష్టం. రీట్రైన్ల లెక్క కూడా అక్కడే ఉంటుంది. పావుగంటలో పది రీట్రైన్లు ఉంటే వేగం ఎంత చూపించినా ఆ లైన్ బాగోలేనట్టే.

వేగం అంకెలే కొన్ని సంగతులు చెప్పేస్తాయి. ఎన్నిసార్లు డయల్ చేసినా 33,600 దాటకపోతే దారిలో అనలాగ్ నుంచి డిజిటల్‌కి మార్పు రెండుసార్లు జరుగుతోంది. 56కె ప్రమాణమైన వి.90కి అవతలి చివర డిజిటల్‌గా ఉండి, మధ్యలో ఒక్కటే మార్పు ఉండాలి. పీబీఎక్స్ వెనక నుంచి చేసినా, ఒకే జోడీ మీద ఇద్దరు చందాదారులను నడిపే పెయిర్ గెయిన్ పెట్టె ఉన్నా 56కె రాదు, మోడెమ్ మార్చినా రాదు. వాన, ఎండ తేడా లేకుండా 26,400 లేదా 28,800 దగ్గర మేకు కొట్టినట్టు ఆగితే పెయిర్ గెయిన్‌నే అనుమానించండి. 14,400 కూడా దాటకపోతే మాటను 32 కిలోబిట్లకు కుదించే ఏడీపీసీఎం పద్ధతి వాడే పాత పరికరం ఉండే అవకాశం ఎక్కువ. మీ అంకెలు 19,200 నుంచి 31,200 దాకా ఊగుతున్నాయి కాబట్టి మీది ఈ కోవలోకి రాదు, నాయిస్ సమస్యే.

లైన్ బాగయ్యేలోపు పని జరగాలంటే వేగానికి మీరే కళ్లెం వేయండి. రీట్రైన్లతో నడిచే 31,200 కన్నా, తెగని 24,000 మీద ఫైలు ముందు దిగుతుంది. కోనెక్సాంట్ చిప్ అయితే ‘ఏటీ+ఎంఎస్=వి34,1,2400,24000,2400,24000’. ఇందులో మొదటిది మాడ్యులేషన్ (ఏ ప్రమాణం వాడాలో), తర్వాతది ఆటోమోడ్ (అది కుదరకపోతే వేరేదానికి మారడం), ఆపైన పంపే కనిష్ఠ, గరిష్ఠ వేగాలు, చివర అందుకునేవి. పాత రాక్‌వెల్ చిప్‌లలో ‘వి34’ బదులు 11 అనే సంఖ్య ఉంటుంది. లూసెంట్ విన్‌మోడెమ్‌లో ‘ఏటీ ఎస్38=0’ అంటే 56కె ప్రయత్నం మానేసి వి.34తోనే కలుస్తుంది. నాయిస్ ఉన్న లైన్ మీద వి.90 తంటాలు పడి తెగిపోవడంకన్నా ఇది మేలు. వి.34లో వేగం 2,400 మెట్లలో మారుతుంది కాబట్టి ఒక్కో మెట్టు దింపుతూ, రీట్రైన్లు ఆగిన చోట ఆపండి.

క్షణికమైన టిక్కులకే కాల్ పోతుంటే మోడెమ్‌లోని ఎస్10 అనే సెట్టింగు పెంచండి. సిగ్నల్ పోయాక ఫోన్ పెట్టేసే ముందు ఎంతసేపు ఆగాలో అది చెబుతుంది, సెకనులో పదో వంతు లెక్కన. చాలా మోడెమ్‌లలో ఇది 14, కొన్నిట్లో 7. ‘ఏటీ ఎస్10=50’ ఇస్తే ఐదు సెకన్లు ఓపిక పడుతుంది. కాల్ వెయిటింగ్ బీప్‌కి తెగిపోయే బాధ కూడా చాలావరకు దీనితో తగ్గుతుంది, కాకపోతే ఆ సౌకర్యాన్ని కాల్‌కి ముందు ఆపే కోడ్ మీ ఎక్స్‌ఛేంజ్‌లో ఉంటే అదే సరైన మందు. అవతలి మోడెమ్ ఓపిక మీ చేతిలో లేదని గుర్తుంచుకోండి.

అప్పుడప్పుడు వచ్చే ‘డయల్ టోన్ లేదు’కి వాయిస్‌మెయిల్ ఉందేమో చూడండి. సందేశం వచ్చినప్పుడు డయల్ టోన్ తెగితెగి వస్తుంది, మోడెమ్ దాన్ని టోన్‌గా గుర్తించదు. ‘ఏటీ ఎక్స్3’ ఇస్తే టోన్ కోసం చూడకుండా డయల్ చేస్తుంది, బిజీ మాత్రం గుర్తుపడుతుంది. బయటి లైన్ కోసం ముందు ఒక అంకె నొక్కాల్సిన చోట ఆ అంకె తర్వాత కామా పెట్టండి, ఒక్కో కామాకి రెండు సెకన్ల విరామం. అదే సాకెట్‌లో ఫోన్‌కి టోన్ ఎప్పుడూ బాగానే వచ్చి, మోడెమ్‌కి ఎక్స్3తో కూడా డయల్ కాకపోతే పిడుగు దెబ్బకి దాని లైన్ వైపు సర్క్యూట్ పోయినట్టే. అప్పుడు మాత్రం మోడెమ్ మార్చాలి. ఈ కమాండ్లన్నీ విండోస్‌లో మోడెమ్ ప్రాపర్టీస్‌లోని అదనపు ఇనిషియలైజేషన్ పెట్టెలో రాసుకుంటే ప్రతి కాల్‌కీ అమలవుతాయి.

విండోస్ ఎర్రర్ నంబర్ల సంగతి క్లుప్తంగా. 680 డయల్ టోన్ లేదు, 676 బిజీ, 678 అవతల జవాబు లేదు. 691 పేరు లేదా పాస్‌వర్డ్ తప్పు. 633 వేరే ప్రోగ్రామ్ పోర్టుని పట్టుకుని ఉంది, ఫ్యాక్స్ సాఫ్ట్‌వేర్ మొదటి అనుమానితుడు. 692 మోడెమ్ లేదా పోర్టు హార్డ్‌వేర్. 720 ప్రోటోకాల్ సెట్టింగులు కుదరలేదు.

ఇంకొకటి, ‘కనెక్ట్ 115200’ అని కనిపిస్తే మురిసిపోవద్దు. అది కంప్యూటర్‌కీ మోడెమ్‌కీ మధ్య వేగం. లైన్ వేగం చూపించమని రాక్‌వెల్ కోవ మోడెమ్‌లకు ‘ఏటీ డబ్ల్యూ2’ చెప్పాలి. పాత కంప్యూటర్‌కి సీరియల్ మోడెమ్ తగిలించి ఉంటే ఆ పోర్టు చిప్ 16550ఏ అయి ఉండాలి. అందులో 16 బైట్ల బఫర్ ఉంటుంది. 8250, 16450లలో అది లేక, వేగంగా వచ్చిన బైట్లు రాలిపోయి, డేటా సరిచూసే లెక్కలో సీఆర్‌సీ తప్పులుగా తేలతాయి. లైన్‌ని తప్పుపట్టే ముందు ఇది చూడండి, డేటా రాకను ఆపి వదిలే ఫ్లో కంట్రోల్ హార్డ్‌వేర్ మీదే ఉందో లేదో కూడా.

టెలిఫోన్ వాళ్లకి ఫిర్యాదు చేసేటప్పుడు ‘ఇంటర్నెట్ నెమ్మదిగా ఉంది’ అనకండి. వాళ్ల బాధ్యత మాట వరకే అనే సమాధానం వస్తుంది. ‘మొదటి పెట్టె దగ్గర, లోపలి తీగలన్నీ విప్పి, మామూలు ఫోన్‌తో విన్నా లైన్‌లో గరగర ఉంది, వానలో పెరుగుతుంది’ అని చెప్పండి. తీసుకున్న వోల్టు, కరెంటు కొలతలు ఇవ్వండి. ఒక్కో తీగకీ భూమికీ మధ్య ఇన్సులేషన్ కొలవమని, జాయింట్లు తెరిచి చూడమని, వీలైతే అదే కేబుల్‌లో వేరే జోడీకి మార్చమని అడగండి. జోడీ మార్చడం వాళ్లకీ తేలికే, చాలాసార్లు తుప్పు పట్టిన జాయింట్ వెతకడంకన్నా త్వరగా అయిపోతుంది.

ఒకవేళ మీ ఫోన్ లైన్ నిజానికి బ్రాడ్‌బ్యాండ్ అడాప్టర్ లోంచి వస్తున్న వీవోఐపీ (ఇంటర్నెట్ మీదుగా నడిచే ఫోన్) అయితే పైన చెప్పిన తీగ వైద్యం ఉపయోగపడదు. అక్కడ కోడెక్ (శబ్దాన్ని డిజిటల్‌గా మార్చే పద్ధతి) తప్పనిసరిగా జీ.711 ఉండాలి, మాటను బాగా కుదించే జీ.729 మీద మోడెమ్ సిగ్నల్ బతకదు. సైలెన్స్ సప్రెషన్ (నిశ్శబ్దాన్ని పంపకుండా వదిలేయడం), ఎకో క్యాన్సెలర్ ఆపేసి, ప్యాకెట్ల రాకలో హెచ్చుతగ్గులను సర్దే జిట్టర్ బఫర్‌ని స్థిరంగా పెట్టాలి. అన్నీ చేసినా ఏ కాల్ చూసినా కొన్ని నిమిషాలకు ఒకసారి లెక్కపెట్టినట్టు తెగుతుంటే గడియారాల తేడా. అడాప్టర్, అవతలి గేట్‌వే గడియారాలు పదిలక్షల్లో 50 పాళ్లు తేడాగా నడిస్తే, సెకనుకు 8,000 శాంపిల్స్‌లో 0.4 శాంపిల్ జారుతుంది. 20 మిల్లీసెకన్ల ప్యాకెట్‌లో 160 శాంపిల్స్ ఉంటాయి కాబట్టి 400 సెకన్లకు ఒక ప్యాకెట్ ఎగిరిపోతుంది, లేదా రెండుసార్లు వినిపిస్తుంది. మాటలో అది తెలియదు, వి.34కి అదొక రీట్రైన్. ఇలాంటి లైన్ మీద వేగాన్ని 9,600కో, ఇంకా తప్పకపోతే వి.22బిస్ ప్రమాణపు 2,400కో దింపి, వి.42 ఎర్రర్ కరెక్షన్ తప్పకుండా ఆన్‌లో ఉంచండి. చిన్న చిన్న డేటా పంపే మీటర్లకీ, అలారాలకీ ఆ వేగం చాలు. పెద్ద ఫైళ్లు దించాలంటే మాత్రం అదే బ్రాడ్‌బ్యాండ్‌ని నేరుగా వాడుకోవాలి.